లవం చూపించి హారం దాచే లెక్కలు

నూటికి 75 మంది మళ్ళీ అరెస్టు కాలేదు! అమెరికాలో డ్రగ్ కోర్టులు నడిపేవాళ్ళ జాతీయ సంఘం ఏళ్ళ తరబడి ఊదిన బాకా ఇది. డ్రగ్ కోర్టులో పట్టా పుచ్చుకుని బయటికొచ్చినవాళ్ళలో 75 శాతం మంది కనీసం రెండేళ్ళ పాటు ఏ కేసులోనూ దొరకలేదని వాళ్ళ మాట. వినగానే చప్పట్లు కొట్టబుద్ధవుతుంది. మేం మాత్రం కొట్టం. బడిలో పిల్లలకు భిన్నాలు నేర్పేటప్పుడు మొదట చెప్పేదేమిటి? పైనుండేది లవం, కిందుండేది హారం. పైనున్న అంకె చెప్పి కిందున్న అంకె చెప్పకపోతే అది లెక్క కాదు, బొంకు. 75 అంటే ఎవరిలో 75? ఆ నూరుమందిని ఏరిందెవరు? ఏరకుండా గేటు బయట వదిలేసినవాళ్ళ సంగతేంది?

అమెరికా కోర్టుల గొడవ మాలపల్లెకీ మాదిగగూడేనికీ ఎందుకని కొందరు మిత్రులు అడుగుతారు. జోతిబా ఫూలే 1873లో 'గులాంగిరి' రాసి, బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. బాబాసాహెబ్ 1946లో నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాసి, వాళ్ళ సమస్యకూ మన సమస్యకూ ఉన్న పోలిక ఎత్తిచూపాడు. 1972లో బొంబాయిలో మన యువకులు బ్లాక్ పాంథర్ల పేరు చూసి దళిత్ పాంథర్లని పేరు పెట్టుకున్నారు. ఆ నల్లజాతి జనాన్ని ఇవాళ ఏ లెక్కలతో కొలుస్తున్నారో తెలుసుకోవడం మన బాధ్యత. రేపు అదే తరాజు మన వాకిట్లోకీ వస్తుంది. వచ్చేసింది కూడా.

డ్రగ్ కోర్టు ఎందుకు పుట్టింది?

1986లో అమెరికా పార్లమెంటు ఒక చట్టం చేసింది. క్రాక్ అనే మత్తుపదార్థం 5 గ్రాములు అమ్ముతూనో, అమ్మడానికి పెట్టుకునో దొరికితే కనీసం అయిదేళ్ళ జైలు. అదే కొకైన్ పొడి రూపంలో ఉంటే, అయిదేళ్ళ జైలు పడటానికి 500 గ్రాములు ఉండాలి. రెండూ ఒకే సరుకు. పొడిని సోడాతో ఉడికిస్తే క్రాక్ అవుతుంది. తేడా సరుకులో లేదు, అది దొరికే వాడలో ఉంది. చవకైన క్రాక్ పేద నల్లవాడల్లో అమ్మేవాళ్ళు. ఫెడరల్ కోర్టుల్లో క్రాక్ కేసుల్లో శిక్షపడ్డవాళ్ళు ఏళ్ళ తరబడి నూటికి 80 మందికి పైగా నల్లజాతివాళ్ళే. ఒకటికి వందరెట్ల ఈ తేడా మనకు కొత్తదా? ఒకే తప్పుకు కులాన్నిబట్టి వేర్వేరు శిక్షలు రాసిన మనువును ఎరిగిన దేశం మనది.

జైళ్ళు నిండాయి, కోర్టులు కిక్కిరిశాయి. ఆ తాకిడి తట్టుకోలేక 1989లో ఫ్లోరిడా రాష్ట్రం మయామీలో మొదటి డ్రగ్ కోర్టు పెట్టారు. మత్తుకు బానిసైనవాణ్ణి జైలుకు పంపకుండా వైద్యానికి పంపుతారు. వారానికోసారో రెండు వారాలకోసారో వచ్చి జడ్జి ముందు నిలబడాలి. మూత్ర పరీక్షలు ఇవ్వాలి. సరిగ్గా ఉంటే మెప్పు, తప్పితే చిన్న శిక్ష, ఒక్కోసారి నాలుగు రోజులు లాకప్పు. ఏడాది, ఏడాదిన్నర ఇలా నెగ్గుకొస్తే పట్టా ఇచ్చి కేసు కొట్టేస్తారు, లేదా శిక్ష తగ్గిస్తారు. నెగ్గకపోతే మళ్ళీ జైలే. చాలాచోట్ల లోపలికి రావాలంటే ముందు నేరం ఒప్పుకోవాలి. 1994 నేర చట్టం వీటికి కేంద్ర నిధులిచ్చింది. ఇవాళ 3 వేలకు పైగా ఉన్నాయి.

ఆలోచన చెడ్డది కాదు. రోగిని రోగిగా చూడాలనడాన్ని ఎవరు కాదంటారు? మా గొడవ ఆలోచనతో కాదు, దాని ఫలితాన్ని కొలిచే తరాజుతో.

నల్లబల్ల మీద లెక్క

అమెరికా ప్రభుత్వ పద్దుల తనిఖీ సంస్థ 2005లో డ్రగ్ కోర్టుల మీద జరిగిన అధ్యయనాలను పరిశీలించింది. చేరినవాళ్ళలో చివరిదాకా నెగ్గుకొచ్చినవాళ్ళు ఒక్కోచోట ఒక్కో తీరు, 27 శాతం నుంచి 66 శాతం దాకా. ఇప్పుడు నల్లబల్ల మీద ఒక ఉదాహరణ వేద్దాం. వందమంది చేరారు, యాభైమంది పట్టా తీసుకున్నారనుకోండి. పట్టా వచ్చిన యాభైలో 75 శాతం అంటే 37 లేదా 38 మంది. అంటే చేరిన వందలో 38కి మించి లేరు. 75 కాస్తా సగమైపోయింది! మధ్యలో గెంటేసిన యాభైమంది ఏ ఖాతాలో ఉన్నారు? ఏ ఖాతాలోనూ లేరు. వాళ్ళను హారంలోంచి చెరిపేశారు.

ఈ విద్య మనోళ్ళకు తెలియనిదా? ప్రైవేటు బళ్ళ గోడల మీద 'పదిలో నూటికి నూరు' అని రంగుల ఫ్లెక్సీలు చూడటం లేదా? తొమ్మిదిలోనే మొద్దుపిల్లలని ముద్రవేసి, టీసీ చేతికిచ్చి పంపేస్తారు. వాళ్ళు మన సర్కారు బడికి వస్తారు. ఏరిన పిల్లలకు నూరు శాతం వాళ్ళది, ఏరేసిన పిల్లలకు తప్పిన శాతం మనది. అక్కడ వాళ్ళు గొప్ప, ఇక్కడ మనం చేతకానివాళ్ళం. పట్టా పొందినవాళ్ళనే లెక్కబెట్టే డ్రగ్ కోర్టూ అచ్చంగా ఇదే ఫ్లెక్సీ.

పట్టాదాకా వచ్చేదెవరు? ఉండటానికి ఇల్లున్నవాడు, సెలవిచ్చే ఉద్యోగమున్నవాడు, కోర్టుకు పోయి రావడానికి కారున్నవాడు, వెనక నిలబడే కుటుంబమున్నవాడు. వాడిలో చాలామంది డ్రగ్ కోర్టు లేకపోయినా కుదుటపడేవాళ్ళేమో! ఆ మంచి కోర్టు వల్ల జరిగిందా, ఇంటి కలిమి వల్ల జరిగిందా? పోల్చి చూడకుండా తేల్చేదెట్లా?

గేటు దగ్గర జరిగే లెక్క

లోపలి లెక్క ఇలా ఉంటే గేటు దగ్గర ఇంకో లెక్క ఉంది. 1994 చట్టం ప్రకారం కేంద్ర నిధులు తీసుకునే డ్రగ్ కోర్టుల్లో హింసా నేరం చేసినవాళ్ళకు, పాత హింసా కేసున్నవాళ్ళకు చోటు లేదు. ఎవణ్ణి రానివ్వాలన్నదాంట్లో చాలాచోట్ల ప్రాసిక్యూటర్ మాటే చెల్లుతుంది. పాత కేసులు ఎవరి మీద ఎక్కువుంటాయి? పోలీసు బండి ఏ వాడలో తిరుగుతుందో ఆ వాడవాళ్ళ మీద. అమెరికా పౌరహక్కుల సంఘం 2013లో లెక్కతీసింది. గంజాయి తాగడంలో తెల్లవాళ్ళకూ నల్లవాళ్ళకూ పెద్దగా తేడా లేదు. అరెస్టు కావడంలో మాత్రం నల్లవాళ్ళకు ముప్పు 3.73 రెట్లు ఎక్కువ. తాగినప్పుడు సమానం, దొరికినప్పుడు మాత్రం కాదు! అలా దొరికిన రికార్డే తర్వాత గేటు దగ్గర అడ్డం పడుతుంది.

2016లో డ్రగ్ కోర్టులవాళ్ళ సొంత సంస్థే దేశమంతా సర్వే చేసి అచ్చేసింది. డ్రగ్ కోర్టుల్లో చేరినవాళ్ళలో నల్లజాతివాళ్ళు 17 శాతం. అరెస్టయ్యేవాళ్ళలో, జైళ్ళలో ఉన్నవాళ్ళలో వాళ్ళ వాటా దీనికన్నా చాలా ఎక్కువ. జైలుకు ముందు వరస, వైద్యానికి వెనక వరస. చేరినవాళ్ళలో పట్టా పొందినవాళ్ళు అందరినీ కలిపి చూస్తే 59 శాతం, నల్లజాతివాళ్ళలో 39 శాతం. రంగును విడదీయకుండా సగటు ఒక్కటే చెబితే ఈ 20 శాతం తేడా మన కంటికి కనబడేదే కాదు. సగటు అంకె పెత్తందారు లాంటిది. ఊరి మొత్తం తరఫున తానే మాట్లాడుతుంది, వాడవాళ్ళను నోరెత్తనివ్వదు.

'వాళ్ళకే పట్టుదల లేదు' అనేవాళ్ళు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. పనికి పోతే కోర్టు తప్పుతుంది, కోర్టుకు పోతే పని పోతుంది. రుసుములు కట్టాలి. మెథడోన్ లాంటి మందుతో కుదుటపడ్డవాణ్ణి కూడా ఆ మందు మానితేనే పట్టా ఇస్తామన్న జడ్జీలున్నారు. 2015లో కేంద్ర ప్రభుత్వం కలగజేసుకుని, అలా అనే కోర్టులకు నిధులివ్వబోమని చెప్పాల్సొచ్చింది. వైద్యం పేరుతో మందు మాన్పించే కోర్టులో ఓడినవాడిది పట్టుదల లోపమా?

ఓడినవాడికేమవుతుంది? న్యూయార్క్ నగరంలో డ్రగ్ కోర్టుకు పోయి తప్పినవాళ్ళకు, మామూలు కోర్టులో తేల్చుకున్నవాళ్ళకన్నా రెండు నుంచి అయిదు రెట్లు ఎక్కువ శిక్ష పడిందని 2008లో ఒక న్యాయశాస్త్ర పరిశోధకుడు రాశాడు. 2013లో ఇంకొందరు పరిశోధకులు 19 అధ్యయనాలను కలిపి చూశారు. డ్రగ్ కోర్టుల వల్ల జైలుకెళ్ళే మనుషుల సంఖ్య తగ్గింది. కానీ అందరూ కలిసి జైల్లో గడిపిన మొత్తం రోజులు తగ్గలేదు. నెగ్గినవాడికి మిగిలిన రోజుల్ని ఓడినవాడి నెత్తిన వేశారన్నమాట. మనుషుల్ని లెక్కబెడితే విజయం, రోజుల్ని లెక్కబెడితే సున్నా. ఏది లెక్కబెట్టాలో ఎవరు నిర్ణయిస్తారో, గెలుపు కూడా వాళ్ళదే.

ఇంకొకటి. డెన్వర్ నగరంలో 1994లో డ్రగ్ కోర్టు పెట్టాక రెండేళ్ళు తిరక్కుండానే డ్రగ్ కేసులు దాదాపు మూడురెట్లయ్యాయని అక్కడి జడ్జి ఒకాయనే 2000లో రాశాడు. 'ఎలాగూ వైద్యమే కదా' అని ఇదివరకు వదిలేసే చిన్నచిన్నవాళ్ళను కూడా పట్టుకొచ్చారు. వల పెద్దదైతే చేపలు పెరుగుతాయి. దాన్ని కూడా సేవ కిందే రాసుకున్నారు.

నికరమైన లెక్క ఎట్లుంటుంది?

డ్రగ్ కోర్టులన్నీ దండగని మేం అనటం లేదు. బాకా ఊదేవాడి మీద కోపంతో నిజాన్ని తొక్కేస్తే వాడికీ మనకూ తేడా ఏముంది? నికరంగా లెక్కగట్టినవాళ్ళు కూడా ఉన్నారు.

బాల్టిమోర్‌లో 235 మందిని చీటీ వేసినట్టు రెండు జట్లుగా చేశారు. ఒక జట్టు డ్రగ్ కోర్టుకు, రెండోది మామూలు కోర్టుకు. చీటీ కులం చూడదు, రంగు చూడదు, ఎవడి వెనక ఎవడున్నాడో చూడదు. అందుకే ఆ పోలికకు విలువ. మధ్యలో మానేసినవాణ్ణి కూడా వాడి జట్టులోనే లెక్కబెట్టారు. 2003లో ఆ ఫలితం బయటపెట్టారు. రెండేళ్ళలో మళ్ళీ అరెస్టయినవాళ్ళు డ్రగ్ కోర్టు జట్టులో 66 శాతం, మామూలు జట్టులో 81 శాతం. మేలు జరిగింది, నిజం. కానీ 66 మంది మళ్ళీ దొరికారన్నదీ నిజమే. ఇది ఫ్లెక్సీ మీద వేసుకునే అంకె కాదు, పని చేసుకోవడానికి పనికొచ్చే అంకె.

2011లో ముగిసిన పెద్ద అధ్యయనం 23 డ్రగ్ కోర్టుల్ని, అవి లేని 6 చోట్లనూ పక్కపక్కన పెట్టి చూసింది. ఏడాదిన్నర తర్వాత మత్తు వాడుతున్నామన్నవాళ్ళు 56 శాతం, అటువైపు 76 శాతం. నేరం చేశామన్నవాళ్ళు 40 శాతం, అటువైపు 53 శాతం. 2012లో 154 అధ్యయనాల్ని గుదిగుచ్చిన పండితులు, పెద్దవాళ్ళ డ్రగ్ కోర్టుల్లో మళ్ళీ నేరంలో పడేవాళ్ళు 50 నుంచి 38 శాతానికి తగ్గుతారని తేల్చారు. కుర్రవాళ్ళ కోర్టుల్లో మేలు అంతకన్నా చాలా తక్కువ.

ఈ కాస్త మేలైనా ఎంతమందికి అందింది? 2008లో కట్టిన ఒక లెక్క ప్రకారం, మత్తు జబ్బు ముప్పున్న స్థితిలో అరెస్టయ్యేవాళ్ళు అమెరికాలో ఏడాదికి దాదాపు 15 లక్షలు. డ్రగ్ కోర్టులు చేర్చుకున్నది 55 వేల మందిని. అంటే నూటికి నలుగురు! మిగతా 96 మందిని వదిలేసి నలుగురి కథ చెప్పుకుంటూ 'దేశాన్ని మార్చాం' అంటే ఎవరు నమ్మాలి?

లెక్కలు మనకొద్దా?

మనలో కొందరు అన్నలున్నారు. 'ఈ అంకెలన్నీ పాలకుల మాయ, మన అనుభవమే మనకు సాక్ష్యం' అంటారు. అన్నా, ఆ మాట వినడానికి బాగుంటుంది, కానీ చేజేతులా కత్తిని శత్రువుకిచ్చి రావడమే అది. డుబోయిస్ ఫిలడెల్ఫియా నల్లవాడలో ఇల్లిల్లూ తిరిగి లెక్కలు రాసి 1899లో పుస్తకమేశాడు. నల్లవాళ్ళ బీదరికానికి వాళ్ళ రక్తం కారణమన్న పండితుల నోరు ఆ లెక్కలతోనే మూయించాడు. బాబాసాహెబ్ కొలంబియాలో చదివింది అర్థశాస్త్రం. అంకెల్ని చూసి ఆయనెప్పుడూ బెదరలేదు.

అట్లని లెక్క ఒక్కటే తలరాత మార్చదు. క్రాక్‌కూ పొడికీ వందరెట్ల తేడా అన్యాయమని, రెండూ సమానం చెయ్యాలని అమెరికా శిక్షల కమిషనే 1995లో సిఫార్సు చేసింది. పార్లమెంటు దాన్ని తోసిపారేసింది. 15 ఏళ్ళ పోరాటం తర్వాత, 2010లో ఆ తేడాను 18 రెట్లకు తగ్గించారు. సమానం చేశారా? చెయ్యలేదు. లెక్క సాక్ష్యం మాత్రమే, తీర్పు చెప్పించేది జనం. లెక్క లేని పోరాటం గుడ్డిదైతే, పోరాటం లేని లెక్క కుంటిది.

మన వాకిట్లో

1989లో మయామీలో డ్రగ్ కోర్టు పెట్టారు. అదే ఏడు ఇక్కడ ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం చేసి, ప్రత్యేక కోర్టులు పెడతామన్నారు. ఆ కోర్టుల్ని కొలవడానికి వాడే అంకె ఏది? శిక్షలు పడ్డ శాతం. అది ఎవరిలో శాతం? కోర్టులో విచారణ ముగిసిన కేసుల్లో. ఫిర్యాదు తీసుకోకుండా స్టేషన్ గడప దగ్గరే తిప్పి పంపిన కేసు అందులో ఉండదు. 'తప్పుడు కేసు' అనీ, 'పొరపాటు' అనీ పోలీసులే మూసేసింది ఉండదు. కోర్టులో ఏళ్ళ తరబడి నానుతున్నదీ ఉండదు. భూమి కౌలు తీసేస్తామనీ, పనికి పిలవమనీ బెదిరించి సాక్షుల నోరు నొక్కింది మాత్రం ఉంటుంది, 'నిర్దోషి' అన్న పేరుతో! మళ్ళీ ఆ 'నిర్దోషి' లెక్కనే చూపించి, 'చట్టాన్ని దుర్వినియోగం చేస్తున్నారు' అని మనమీదే ఎగబడతారు. ఆ చట్టం ఎక్కడ తెగిపోతోందో చెప్పాల్సిన అంకెను మన మెడకు ఉరితాడు చేస్తారు.

ఎక్కడిదాకా చూసి లెక్క ఆపాలన్నదీ ముఖ్యమే. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని నరికి చంపారు. ఉద్యమం పట్టుబట్టి ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించింది. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. అక్కడ ఆపితే ప్రత్యేక కోర్టు గెలిచినట్టే. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. అక్కడిదాకా చూస్తే గెలిచిందెవరు? డ్రగ్ కోర్టును రెండేళ్ళు చూసి గెలిచిందనడం, ప్రత్యేక కోర్టును కింది తీర్పు దాకా చూసి గెలిచిందనడం, రెండూ ఒకటే తీరు.

మత్తు కేసుల సంగతీ చూడండి. మనకు అమెరికా తీరు డ్రగ్ కోర్టులు లేవు, 1985 నాటి మత్తుపదార్థాల చట్టం ఉంది. గంజాయి 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ళు, 37వ సెక్షన్ వల్ల బెయిలు గగనకుసుమం. విశాఖ మన్యంలో కూలికి మూట మోసిన గిరిజన కుర్రాడు ఆ మూట బరువుకే జైల్లో మగ్గుతాడు. మూట ఎవరిదో వాడు ఏసీ గదిలో ఉంటాడు. అదే చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. కొద్దిపాటి సరుకుతో పట్టుబడ్డ వ్యసనపరుడు తనంతట తాను వైద్యానికి సిద్ధమైతే కేసు నుంచి విముక్తి ఇవ్వొచ్చు. ఆ కిటికీలోంచి బయటపడేదెవరు? వకీలును పెట్టుకోగల ఇంటి బిడ్డలా, మన బిడ్డలా? ప్రభుత్వం దగ్గర కాగితాలున్నాయి. కులం వారీగా, సెక్షన్ వారీగా తీసి జనం ముందు పెట్టాలి.

మేం చెప్పేదొక్కటే. ఏ అధికారి, ఏ నాయకుడు, ఏ పండితుడు 'ఇంత శాతం' అన్నా, అక్కడికక్కడే లేచి అయిదు ప్రశ్నలు వెయ్యండి.

ఒకటి: ఈ శాతం ఎవరిలో? గేటు బయట ఎంతమందిని ఆపారు?
రెండు: మధ్యలో రాలిపోయినవాళ్ళను కలిపారా, చెరిపారా?
మూడు: దేనితో పోల్చారు? పోల్చినవాళ్ళు ఇద్దరూ ఒక స్థితిలో ఉన్నవాళ్ళేనా?
నాలుగు: ఎన్నాళ్ళు వెంట ఉండి చూశారు? ఓడినవాడికి ఏమైందో రాశారా?
అయిదు: కులం వారీగా విడదీశారా? ఆడవాళ్ళను విడిగా చూపారా?

అత్యాచారాల చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన జిల్లా విజిలెన్స్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. ముఖ్యమంత్రి అధ్యక్షతన రాష్ట్ర కమిటీ జనవరిలో, జూలైలో కూర్చోవాలి. కూర్చున్నారా? కూర్చుంటే ఏ అంకెలు చూశారు? 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖ కింద ఉన్నవాళ్ళు రుసుము కట్టక్కర్లేదు.

దానికన్నా ముందు మన లెక్క మనం రాసుకోవాలి. ప్రతి పేటలో చదువుకున్న పిల్లో పిల్లగాడో ఒక నోటుపుస్తకం పెట్టాలి. ఫిర్యాదు ఇచ్చిన తేదీ, తీసుకున్నారా తిప్పి పంపారా, ఏ సెక్షన్ పెట్టారు, చార్జిషీటు ఎప్పుడు, సాక్షుల్ని ఎవరు బెదిరించారు, చివరికేమైంది. తిప్పి పంపిన కేసునీ రాయాలి, రాజీపడ్డ కేసునీ రాయాలి. సర్కారు హారంలోంచి చెరిపేసిన ప్రతి మనిషీ మన పుస్తకంలో ఉండాలి. ఆ పుస్తకాలు మండలానికి చేరాలి, మండలం నుంచి జిల్లాకు చేరాలి. విజిలెన్స్ కమిటీ బల్ల మీద వాళ్ళ అంకె పక్కన మన అంకె పడాలి.

వెయ్యేళ్ళు మనల్ని ఊరి లెక్కలో చేర్చకుండా ఊరి బయట ఉంచారు. ఇప్పుడు లెక్కల బయట ఉంచుతామంటే ఒప్పుకునేది లేదు.

జై భీమ్!